గోధుమ బీరు పులిసేటప్పుడు పొంగి బయటకు రాకుండా ఏం చెయ్యాలి? 23 లీటర్ల కార్బాయ్‌లో 20 లీటర్లు

గోధుమగింజ అడిగారు:

అందరికీ నమస్కారం. 20 లీటర్ల గోధుమ బీరు పెడుతున్నాను. వివరాలు ఇవి.

మాల్ట్‌లో (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) 55 శాతం గోధుమ, మిగతాది పిల్స్నర్ (లేతరంగు బార్లీ మాల్ట్). మొదటి గ్రావిటీ (పులియకముందు సాంద్రత, నీళ్లకి 1.000) 1.050 ఉంటుంది. ఈస్ట్ వైయీస్ట్ 3068, లీటరున్నర స్టార్టర్ (ముందే పెంచిన ఈస్ట్ ద్రవం) సిద్ధంగా ఉంది. ఫెర్మెంటర్ (పులియబెట్టే పాత్ర) 23 లీటర్ల గాజు కార్బాయ్ (సన్న మెడ ఉన్న పెద్ద సీసా), రబ్బరు బిరడా, మూడు ముక్కల ఎయిర్‌లాక్ (వాయువుని బయటకి వదిలి గాలిని లోపలికి రానివ్వని నీళ్ల మూత). గదిలో 22–23 డిగ్రీలు ఉంటోంది.

ఈ ఈస్ట్ నురగ ఎయిర్‌లాక్‌లోంచి తన్నుకొచ్చి గోడల దాకా చిమ్ముతుందని చాలాచోట్ల చదివాను. ఈస్ట్ వెయ్యకముందే జాగ్రత్త పడదామని అడుగుతున్నాను:

3 లీటర్ల ఖాళీ సరిపోతుందా? బ్లో-ఆఫ్ ట్యూబ్ (నురగని బయటి జాడీలోకి పంపే గొట్టం) పెట్టాలంటే ఎంత లావుది, ఎంత పొడవుది? ఈస్ట్ కాస్త తక్కువ వేస్తే నెమ్మదిగా పులిసి పొంగు తగ్గుతుందా? నురగ విరిచే చుక్కలు వాడితే తర్వాత గ్లాసులో నురగ నిలవదంటారు, నిజమేనా?

---

ఉడుకుకుండ:

3 లీటర్లు సరిపోవు. ఈ ఈస్ట్‌కి 33 శాతం ఖాళీ కావాలని తయారీదారులే రాస్తారు. అంటే 20 లీటర్లకు 30 లీటర్ల పాత్ర ఉండాలి, లేదా మీ కార్బాయ్‌లో 15 లీటర్లకు మించి పొయ్యకూడదు. మీ దగ్గర ఉన్నది 13 శాతమే. మామూలు ఏల్ (గది వేడి దగ్గర పులిసే బీరు) ఈస్ట్ కూడా 20–25 శాతం అడుగుతుంది. లాగర్ అయితే 10–12 డిగ్రీల దగ్గర తాపీగా పులుస్తుంది కాబట్టి 15 శాతంతో గట్టెక్కొచ్చు.

పైగా కార్బాయ్ ఆకారమే మీకు ఎదురు. మీ ఖాళీ అంతా భుజాల్లోనూ మెడలోనూ ఉంది. వెడల్పు చోట రెండు సెంటీమీటర్లు పెరిగే నురగ, భుజం దాటాక మెడలో జానెడు ఎగబాకుతుంది. అందుకే అంతే ఖాళీ వదిలినా బకెట్ కన్నా కార్బాయ్ ముందు పొంగుతుంది.

ఎంత వాయువు వస్తుందో ఒకసారి లెక్క చూడండి. 1.050 నుంచి 1.010 దాకా దిగేసరికి లీటరుకు సుమారు 40 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. 20 లీటర్లకు 800 గ్రాములు, గది ఉష్ణోగ్రతలో 400 లీటర్లకు పైనే. అందులో సగం ఉధృతంగా పులిసే ఒక్క రోజులో వచ్చిందనుకున్నా గంటకు దాదాపు 9 లీటర్లు. ఒట్టి వాయువైతే సన్నటి గొట్టంలోంచి కూడా హాయిగా పోతుంది. ఇక్కడ అది ఒట్టిగా పోదు. గోధుమ ప్రొటీన్, హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) జిగురు, ఈస్ట్ కలిసిన జిడ్డు నురగను మోసుకుపోతుంది. ఎయిర్‌లాక్‌లో సన్నటి దారి దగ్గర ఆ జిడ్డు పేరుకుని గట్టిపడి పూడుకుంటుంది. వెనకాల వాయువు మాత్రం పుడుతూనే ఉంటుంది.

అంటే నురగ రావడం ప్రమాదం కాదు, నురగకి సన్నటి దారి ఉండటమే ప్రమాదం. ఒకటే గుర్తుపెట్టుకోండి: నురగకి లోపల చోటైనా ఇవ్వండి, బయటకి వెడల్పు దారైనా ఇవ్వండి.

చోటు ఇవ్వాలంటే 30 లీటర్ల బకెట్ తెచ్చుకోవడమే తేలిక. కార్బాయే వాడతానంటే 15 లీటర్లు అందులో, మిగతా 5 లీటర్లు 8 లీటర్ల చిన్న పాత్రలో పెట్టండి. స్టార్టర్‌ని బాగా కలియబెట్టి మూడొంతులు పెద్దదాంట్లో, ఒక వంతు చిన్నదాంట్లో పొయ్యండి. రెంటికీ బ్లో-ఆఫ్ గానీ ఎయిర్‌లాక్ గానీ కావాలి, చిన్నదే కదా అని మూత బిగించేసి వదలొద్దు.

20 లీటర్లూ ఒక్కదాంట్లోనే అంటే వెడల్పు దారి తప్పదు. కార్బాయ్ మెడ లోపలి వ్యాసం కొలవండి. ఆ మెడలో బిగుతుగా దిగే ఆహారానికి పనికొచ్చే పీవీసీ ట్యూబ్, అంటే సుమారు ఒక అంగుళం లేదా కాస్త పైన బయటి వ్యాసం ఉన్నది, మీటరు నుంచి మీటరుంబావు పొడవు తీసుకోండి. బిరడా లేదు, ఎయిర్‌లాక్ లేదు, ట్యూబే నేరుగా మెడలోకి. 20 మిల్లీమీటర్ల రంధ్రం 10 మిల్లీమీటర్ల రంధ్రానికి రెట్టింపు అనుకుంటారు, వైశాల్యంలో నాలుగు రెట్లు. హాప్స్ ముక్క అడ్డం పడినా పక్క నుంచి దారి ఉంటుంది.

అమర్చేటప్పుడు ట్యూబ్ లోపలి కొస మెడలో రెండు మూడు సెంటీమీటర్లే దిగాలి. అది బీరులో మునిగిందంటే పైనున్న వాయువు బీరుని ట్యూబ్‌లోంచి తోసేస్తుంది. ఒకసారి ధార మొదలైతే సైఫన్ అయ్యి కిందనున్న జాడీలోకి, అక్కణ్ణుంచి నేల మీదకి పారుతూనే ఉంటుంది. పొద్దున్న లేచేసరికి సగం కార్బాయ్ ఖాళీ.

బయటి కొస 2 లీటర్ల జాడీలో పెట్టండి. జాడీలో మూడో వంతు మాత్రమే శానిటైజర్ నీళ్లు పొయ్యండి (స్టార్ శాన్ అయితే లీటరుకి ఒకటిన్నర మిల్లీలీటర్లు), ట్యూబ్ రెండు మూడు సెంటీమీటర్లు మునిగితే చాలు. అంతకన్నా లోతుగా ముంచితే ప్రయోజనం లేదు. జాడీ మూత బిగించొద్దు, బిగిస్తే పేలే పాత్ర ఒకటి బదులు రెండవుతాయి. జాడీని వెడల్పు టబ్‌లో పెట్టండి. ఈ ఈస్ట్‌తో ఆ జాడీ కూడా నిండే అవకాశం ఉంది.

---

చల్లనిమూల:

ఉడుకుకుండ గారు దారి సంగతి చెప్పారు, నేను పొయ్యి సంగతి చెబుతాను. గదిలో 22–23 అంటే లోపలా అంతే ఉండదు, ఇంకా ఎక్కువ ఉంటుంది. పులిసేటప్పుడు ఈస్ట్ తనే వేడి పుట్టిస్తుంది, 20 లీటర్ల కార్బాయ్‌లో బయటికన్నా 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అంటే మీ బీరు 26, 27 దగ్గర పులుస్తుంది. 3068కి చెప్పిన పరిధి 18 నుంచి 24. వేడెక్కితే తొందరగా పులుస్తుంది, తొందరగా పులిస్తే ఇంకా వేడెక్కుతుంది. నురగ పైకి లేచేది సరిగ్గా అప్పుడే.

కాబట్టి వోర్ట్‌ని (ఇంకా పులియని తియ్యటి మాల్ట్ నీళ్లు) 17 డిగ్రీల దాకా చల్లార్చి ఈస్ట్ వెయ్యండి. కార్బాయ్‌ని పెద్ద టబ్‌లో నిలబెట్టి, బయటి నీళ్ల మట్టం లోపలి బీరు మట్టానికి సగం పైన ఉండేలా నింపండి. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండు, పొద్దునొకటి సాయంత్రమొకటి మార్చండి. థర్మామీటర్ స్ట్రిప్ గాజుకి అంటించి మీదో స్పాంజి ముక్క కట్టండి, లేకపోతే అది బీరుది కాకుండా గదిది చూపిస్తుంది. మొదటి మూడు రోజులు 18–19 దగ్గర పట్టి ఉంచండి. నురగ దిగిపోవడం మొదలయ్యాక 21, 22కి వెళ్లనివ్వండి, శుభ్రంగా ముగిస్తుంది.

ఒక హెచ్చరిక. పొంగు మొదలయ్యాక కంగారుపడి టబ్‌లో ఐసు కుమ్మరించొద్దు. ఒక్కసారి ఐదారు డిగ్రీలు పడితే ఈస్ట్ ముడుచుకుని అడుక్కి పోయి మధ్యలో ఆగిపోవచ్చు. పొంగు తగ్గించబోయి తియ్యటి, సగం పులిసిన బీరు మిగుల్చుకుంటారు. గంటకి ఒక డిగ్రీ కన్నా తక్కువ దింపండి.

ఈస్ట్ తక్కువ వేస్తే? వద్దు. తక్కువ వేస్తే మొదలవ్వడం ఆలస్యమవుతుంది, అంతే. ఆ తక్కువ ఈస్ట్ పెరిగి పెరిగి చివరికి అదే సంఖ్యకి చేరుతుంది, అదే నురగ పన్నెండు గంటలు ఆలస్యంగా, మీరు నిద్రపోయే వేళకి వస్తుంది. ఆ లోపల వోర్ట్ రక్షణ లేకుండా కూర్చుంటుంది, అరటిపండు వాసన కూడా మీరు కోరుకున్నదానికన్నా ఎక్కువ కావచ్చు. నురగ ఎత్తుని నిర్ణయించేవి ఈస్ట్ రకం, ఉష్ణోగ్రత, ప్రొటీన్. మీరు మార్చగలిగింది మధ్యదే.

ఆక్సిజన్ కోసం కార్బాయ్‌ని ఊపుతారు కదా, ఆ నురగ వేరు. అది చూసి భయపడొద్దు, అరగంటలో దిగిపోతుంది. దిగాకే ట్యూబ్ పెట్టండి. ఊపిన నురగతోనే ట్యూబ్ మొదలు తడిసి ఉంటే జిడ్డు అక్కణ్ణుంచే పేరుకుంటుంది.

---

గోధుమగింజ:

ఇద్దరికీ ధన్యవాదాలు. 18 డిగ్రీలు, టబ్ ఖాయం. మెడలో నేరుగా దిగే లావు ట్యూబ్ దొరక్కపోతే? ఎయిర్‌లాక్ మధ్య గొట్టానికి సన్న ట్యూబ్ తొడిగే పద్ధతి చూశాను, అది పనికొస్తుందా? ఇంకొకటి, చివర్లో చల్లబరిచినప్పుడు జాడీలో నీళ్లు లోపలికి లాక్కుంటుందని విన్నాను.

---

బిరడావీరుడు:

పనికొస్తుంది, కానీ మూడు షరతుల మీద.

మూడు ముక్కల ఎయిర్‌లాక్‌లో పైమూత, లోపల తేలే గిన్నె తీసెయ్యండి. మిగిలిన మధ్య గొట్టం బయటి వ్యాసం కొలిచి దానికి బిగుతుగా ఎక్కే ట్యూబ్ కొనండి. ట్యూబ్ కొసని వేడినీళ్లలో అర నిమిషం ముంచితే మెత్తబడి సులువుగా ఎక్కుతుంది. ఇప్పుడు ఎయిర్‌లాక్ అడుగు చూడండి. బిరడాలో దిగే కాడ చివర చాలావాటికి అడ్డంగా చిన్న ప్లాస్టిక్ సిలువ ఉంటుంది. నురగ మొదట పట్టుకునేది దాన్నే. పదునైన కత్తితో ఆ చివర కోసెయ్యండి, గరుకు అంచు గీకెయ్యండి. ఇది మొదటి షరతు.

రెండోది, ఈ దారి పది మిల్లీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి హాప్స్ చెత్త లోపలికి రాకూడదు. కెటిల్ (మరగబెట్టే పాత్ర) నుంచి కార్బాయ్‌లోకి పోసేటప్పుడు సన్న వల మీదుగా వడగట్టండి. గోధుమ బీరులో హాప్స్ తక్కువే కాబట్టి మీకిది పెద్ద పని కాదు. హాప్స్ ఎక్కువ వేసే ఏల్స్‌కి మాత్రం ఈ పద్ధతి నేను చెప్పను.

మూడోది, ఖాళీ కనీసం 25 శాతం ఉండాలి. 13 శాతం ఖాళీ, 3068, సన్న ట్యూబ్, ఈ మూడూ కలిసిన చోట పూడిక దాదాపు ఖాయం. అంటే ఈ పద్ధతి ఎంచుకుంటే బీరుని రెండు పాత్రల్లో పంచుకోవాల్సిందే.

పూడుకుందో లేదో ఎలా తెలుస్తుందంటే, జాడీలో బుడగలు హఠాత్తుగా ఆగుతాయి. పైన మాత్రం నురగ మెడ దాకా నిండుగా ఉంటుంది. బకెట్ అయితే మూత మధ్యలో ఉబ్బుతుంది. పులియడం అయిపోయిందేమో అనుకుని కదపకుండా వదిలేసేవాళ్లు చాలామంది. మొదటి రెండు రోజుల్లో బుడగలు ఒక్కసారిగా ఆగితే అది అయిపోవడం కాదు.

అప్పుడు బిరడా చటుక్కున పీకొద్దు. ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, గాజు కార్బాయ్ ఒత్తిడికి చేసింది కాదు, పగలొచ్చు. రెండోది చాలామందికి తట్టదు: దారి మూసుకున్నాక పుట్టిన వాయువులో చాలా భాగం పైన ఉండదు, బీరులోనే కరిగి కూర్చుంటుంది. మూత తీసిన క్షణం ఒత్తిడి పడిపోతుంది, కరిగిందంతా ఒకేసారి బుడగలై లేస్తుంది. పైకప్పు మీద మరకలు పడేది ఇలాగే, పొంగు వల్ల కాదు.

కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోండి. తడి తువ్వాలు బిరడా మీద, మెడ చుట్టూ రెండు మడతలుగా కప్పండి. ముఖం పక్కకి పెట్టి బిరడాని పైకి కాకుండా పక్కకి, కొంచెం కొంచెంగా వంచండి. బుస్సుమనే శబ్దం వస్తే అక్కడే ఆపండి. శబ్దం తగ్గాక ఇంకొంచెం. బకెట్ అయితే మూత అంచుని ఒక చోట మాత్రమే, మీకు దూరంగా ఉన్న వైపు ఎత్తండి.

ఇక నీళ్లు లోపలికి లాగడం గురించి. నిజమే. 20 నుంచి 2 డిగ్రీలకి చల్లబరిస్తే పైనున్న వాయువు ఆరు శాతం కుంచించుకుంటుంది, అది చిన్న విషయం. పెద్దది వేరే ఉంది. చల్లటి బీరు కార్బన్ డయాక్సైడ్‌ని చాలా ఎక్కువగా కరిగించుకుంటుంది, కాబట్టి పైనున్నదాన్ని అది తాగేస్తుంది. ఆ ఖాళీ నింపడానికి జాడీలో నీళ్లు ట్యూబ్‌లోకి ఎక్కుతాయి. జాడీ నేల మీద, కార్బాయ్ బల్ల మీద ఉంటే నీళ్లు మీటరు ఎత్తు ఎక్కాలి, దానికి పదో వంతు వాతావరణ పీడనమంత లాగుడు కావాలి. కొంత రక్షణే కానీ పూర్తిగా నమ్మొద్దు. నురగ దిగిపోయాక బ్లో-ఆఫ్ తీసేసి ఎస్ ఆకారపు ఎయిర్‌లాక్ పెట్టండి. అందులో ద్రవం అటూ ఇటూ జరుగుతుంది గానీ లోపలికి పడదు, గాలి మాత్రమే బుడగలుగా వెళ్తుంది. మూడు ముక్కలది పెట్టారంటే అందులో నీళ్లన్నీ బీరులోకి లాగేస్తుంది.

---

సిలికాన్‌చుక్క:

అసలు నాలుగో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ఇంత ప్లంబింగ్ పని దేనికండీ, నురగ విరిచే మందు వేస్తే సగం గొడవ పోతుంది.

ఫెర్మ్‌క్యాప్ లాంటివన్నీ సిలికాన్ ఎమల్షన్లే. బుడగ గోడలోకి దూరి దాన్ని బలహీనం చేస్తాయి, నురగ పేరుకోకముందే విరిగిపోతుంది. నాలుగు లీటర్లకి రెండు చుక్కలు సాధారణ మోతాదు, మీ సీసా మీద ఏముంటే అదే పాటించండి. 20 లీటర్లకి పది చుక్కలు. సీసాని ముందు బాగా ఊపాలి, ఎమల్షన్ విడిపోయి ఉంటే పైనున్న నీళ్లే పడతాయి, పనిచెయ్యదు. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి. మరగబెట్టేటప్పుడే వేస్తే కెటిల్ పొంగడం కూడా ఆగుతుంది, విడిగా శానిటైజ్ చేసే పనీ ఉండదు.

గ్లాసులో నురగ నిలవదనేది సగం నిజం. సిలికాన్ ఈస్ట్‌కీ పాత్ర గోడలకీ అంటుకుని అడుక్కి దిగుతుంది. దిగనిచ్చి పైబీరు తీసుకుంటే గ్లాసులో తేడా కనిపించదు. అవతలి వైపు ఒక లాభం కూడా ఉంది. ఒకసారి నురగగా లేచి ఎండిపోయిన ప్రొటీన్ మళ్లీ అంతగా నురగ కట్టదు. ఫెర్మెంటర్‌లో పొంగి గోడకి అంటుకుందంటే అది మీ గ్లాసుకి రావాల్సిన నురగే.

వంటనూనె చుక్కలు వెయ్యమనే సలహా కూడా చూస్తుంటాం. అది మాత్రం వద్దు. నూనె ఎక్కడికీ దిగదు, గ్లాసు దాకా వచ్చి నురగని అక్కడే చంపేస్తుంది.

---

ఉడుకుకుండ:

సిలికాన్‌చుక్క గారూ, లెక్క సరే కానీ ఈ బీరు విషయంలో ఒక అడ్డంకి ఉంది. మీ వాదన అంతా ‘దిగనిచ్చి’ అన్న మాట మీద నిలబడింది. గోధుమ బీరుని మబ్బుగా, ఈస్ట్‌తో కలిపే సీసాల్లో పోస్తారు. 3068 చాలా రోజులు దిగకుండా తేలుతూనే ఉంటుంది. దానికి అంటుకున్న సిలికాన్ కూడా దాంతోపాటే సీసాలోకి వెళ్తుంది. తేటగా తీసే పేల్ ఏల్‌కి అయితే మీతో ఏకీభవిస్తాను. ఇక్కడ వెయ్యాల్సి వస్తే సగం మోతాదు, అదీ బ్లో-ఆఫ్ ఉండగానే.

చుక్కలు వేశాం కదా అని ట్యూబ్ మానెయ్యడం అసలు తప్పు. చుక్కలు నురగ ఎత్తుని తగ్గిస్తాయి, హామీ ఇవ్వవు. ట్యూబ్ ఉంటే చుక్కలు విఫలమైనా నేల తుడుచుకునే పని ఉండదు.

పొంగుకి అడ్డం పడకుండా దారి ఇవ్వడం అనేది కొత్త ఆలోచనేం కాదు. ఇంగ్లండ్‌లో బర్టన్ అపాన్ ట్రెంట్ బ్రూవరీలు 19వ శతాబ్దంలోనే దీన్ని ఏకంగా వ్యవస్థగా కట్టుకున్నాయి. వరుసగా చెక్క పీపాలు, ఒక్కొక్కదాని నుంచీ వంపు తిరిగిన మెడలాంటి గొట్టం పైనున్న తొట్టిలోకి. నురగ పొంగి తొట్టిలో పడేది, ఈస్ట్ అక్కడ నిలిచేది, బీరు తిరిగి పీపాల్లోకి దిగేది. బర్టన్ యూనియన్ అంటారు దాన్ని. మన జాడీ దానికి పేద చుట్టం. కాకపోతే మన జాడీలోది తిరిగి పొయ్యకూడదు, శానిటైజర్ కలిసింది.

---

సిలికాన్‌చుక్క:

మబ్బు బీరు సంగతి ఒప్పుకుంటున్నాను. గోధుమకి సగం మోతాదే.

---

కెగ్గుకన్ను:

కార్బాయ్ వదిలేసి ఒత్తిడి తట్టుకునే పాత్రలో పులియబెడితే? 10–15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర బుడగలు చిన్నవిగా ఉండి నురగ అసలు లేవదు కదా.

---

బిరడావీరుడు:

లేవకపోవడం కాదు, తక్కువ లేస్తుంది. 19 లీటర్ల కెగ్‌లో (ఒత్తిడి తట్టుకునే లోహపు పీపా) అయినా 15 లీటర్లకి మించొద్దు. స్పండింగ్ వాల్వ్‌ని (పెట్టిన ఒత్తిడి దాటితే వాయువు వదిలేది) నేరుగా కెగ్‌కి బిగిస్తే నురగ దాంట్లోకి దూరి జిడ్డు పట్టి వాల్వ్ తెరుచుకోదు, అప్పుడు మీ ఒత్తిడి లెక్క గాల్లో కలిసిపోతుంది. మధ్యలో నురగ పట్టే ఖాళీ పాత్ర ఒకటి ఉండాలి, అది కూడా ఒత్తిడి తట్టుకునేదే అయ్యుండాలి. కెగ్‌కి సొంత భద్రతా వాల్వ్ పనిచేస్తోందో లేదో ముందే లాగి చూసుకోండి.

కానీ గోధుమ బీరుకి ఇది తగదు. ఒత్తిడిలో ఈస్ట్ అరటిపండు వాసననిచ్చే ఎస్టర్లు తక్కువ చేస్తుంది. 3068 కొనేదే ఆ వాసన కోసం. లాగర్‌కి, శుభ్రమైన ఏల్స్‌కి వాడుకోండి. గాజు కార్బాయ్‌ మీద మాత్రం ఏ రకం ఒత్తిడి ప్రయోగమూ వద్దు.

---

హాప్‌కారం:

కొంచెం పక్కదారి, కానీ ఇదీ పొంగే. మొదటి మూడు రోజులు గండం గడిచాక ట్యూబ్ తీసేసి హాయిగా ఉన్నవాళ్లకి వారం తర్వాత వచ్చే పొంగు ఇది. డ్రై హాపింగ్ (వాసన కోసం పులిసిన బీరులో హాప్స్ వెయ్యడం) కోసం పెల్లెట్లు (హాప్స్ పొడి గుళికలు) గుప్పెడు వెయ్యగానే బీరు ఫౌంటెన్‌లా లేస్తుంది. పులియడం అయిపోయినా 20 డిగ్రీల దగ్గర 20 లీటర్ల బీరులో 17 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ కరిగే ఉంటుంది. పెల్లెట్ గరుకు తలమంతా బుడగ పుట్టడానికి వేల చోట్లు. ఆ వాయువంతా ఒక్కసారి బయటకు రావాలని చూస్తుంది.

ముందు 5 గ్రాములు వేసి ఒక నిమిషం చూడండి. నురగ లేచి దిగాక మిగతాది చిన్న చిన్న విడతలుగా వెయ్యండి. చేతిలో మూత సిద్ధంగా పెట్టుకోవడం కాదు, మూత తీసే ఉంచాలి, శానిటైజ్ చేసిన ఫాయిల్ ముక్కతో వదులుగా కప్పాలి. ముందు 14, 15 డిగ్రీలకి చల్లబరిస్తే వాయువు బీరులో గట్టిగా పట్టుకుని ఉంటుంది, లేవడం తగ్గుతుంది. పులుస్తున్న బీరులో చక్కెర కలపాలన్నా ఇదే సంగతి. పొడి చక్కెర ఎప్పుడూ పొయ్యొద్దు, నీళ్లలో కరిగించి మరిగించి చల్లార్చి సన్నటి ధారగా పొయ్యండి.

పండ్లు వేసేవాళ్లకి కార్బాయ్ అసలు వద్దు. ముక్కలు పైకి తేలి మెడ దగ్గర బిరడాలా కూర్చుంటాయి. వెడల్పు బకెట్, 30 శాతం ఖాళీ, ముక్కలన్నీ వల సంచిలో.

---

గోధుమగింజ:

చాలా స్పష్టంగా ఉంది. 30 లీటర్ల బకెట్ తీసుకుంటున్నాను, మూతకి లావు ట్యూబ్. చివరిగా ఒకటి: ఇంత చేసినా పొంగితే అప్పటికప్పుడు ఏం చెయ్యాలి? బీరు పారబొయ్యాల్సిందేనా?

---

చల్లనిమూల:

పారబొయ్యక్కర్లేదు. లోపల్నుంచి వాయువు బయటకు తోస్తున్నంతసేపు బయటిదేదీ సులువుగా లోపలికి రాదు. బీరుకి ఆ సమయంలో వచ్చే ముప్పు తక్కువ, మీ నేలకే ఎక్కువ.

దారి పూడుకోలేదని తేల్చుకున్నాక (బిరడావీరుడు గారు చెప్పిన లక్షణాలు చూసి) నిండిపోయిన ఎయిర్‌లాక్ లేదా ట్యూబ్ తీసెయ్యండి. రంధ్రం మీద శానిటైజర్‌లో ముంచిన అల్యూమినియం ఫాయిల్‌ని వదులుగా వెయ్యండి. నురగ దాని కింద నుంచి కారిపోతుంది, కారనివ్వండి. లోపలికి నొక్కే ప్రయత్నం చెయ్యొద్దు. ఈలోపు ట్యూబ్‌ని వేడినీళ్లతో కడిగి, శానిటైజ్ చేసి, తిరిగి పెట్టండి. జాడీలో నీళ్లు గోధుమరంగు తిరిగి చిక్కబడితే అవీ మార్చండి, పులిసిన చక్కెర నీళ్లలో ఈగలు వాలతాయి.

మూత మీద, మెడ చుట్టూ ఉన్న నురగని ఆరకముందే శానిటైజర్ గుడ్డతో తుడవండి. ఆరితే గట్టిగా పట్టుకుంటుంది, బూజు మొదలయ్యేది అక్కడే. అప్పుడు సోడియం పెర్కార్బొనేట్ కలిపిన 50 డిగ్రీల నీళ్లలో గుడ్డ ముంచి పది నిమిషాలు చుట్టి ఉంచితే మెత్తబడి వస్తుంది. తర్వాత మంచినీళ్లతో తుడిచి మళ్లీ శానిటైజర్. బకెట్‌ని గరుకు స్పాంజితో రుద్దొద్దు, ఆ గీతల్లో క్రిములు దాక్కుంటాయి.

అరలీటరో లీటరో పోయిందని నీళ్లు పోసి భర్తీ చెయ్యొద్దు. నీళ్లతో ఆక్సిజన్ వెళ్తుంది, రుచీ పలచబడుతుంది. పోయింది పోయిందే.

ఒకటి మర్చిపోయాను. ఫెర్మెంటర్‌ని చిన్న అలమరలోనో పెట్టె ఫ్రిజ్‌లోనో పెట్టి ఉంటే, తుడవడానికి తల లోపలికి పెట్టేముందు తలుపు తెరిచి రెండు నిమిషాలు ఆగండి. పైన లెక్క చూశారుగా, 400 లీటర్లు. గాలి కన్నా బరువైన వాయువు, అడుగునే నిలుస్తుంది.

---

ఉడుకుకుండ:

బకెట్‌కి లావు ట్యూబ్ అన్నారు కాబట్టి ఒక మాట. మూతలో ఉన్న ఎయిర్‌లాక్ రంధ్రం చిన్నదే ఉంటుంది. దాన్ని ట్యూబ్ సైజుకి పెంచాలంటే స్టెప్ డ్రిల్ బిట్‌తో (మెట్లుమెట్లుగా లావయ్యేది), మూత కింద చెక్కముక్క పెట్టి, నెమ్మదిగా తొలవండి. మామూలు బిట్ ప్లాస్టిక్‌ని చీల్చేస్తుంది. రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) వేసి ట్యూబ్ దూర్చండి, లోపలికి ఒక సెంటీమీటరు చాలు. ఈస్ట్ వెయ్యకముందే ట్యూబ్ నీళ్లలో ముంచి మూత మధ్యలో వేలితో నొక్కి చూడండి. జాడీలో బుడగ వస్తే మూత సరిగ్గా కూర్చున్నట్టు.